దంపతుల సముద్రతీర విడిది: ముందుగా గాలి దిక్కు చూడవలెను

నా వద్దకు వచ్చే దంపతులు ఈమధ్య మందులతోపాటు మరొక సలహా కూడా అడుగుతున్నారు. "సముద్రపు ఒడ్డున మంచి రిసార్టులో వారం రోజులు గడపాలనుకుంటున్నాము. ఏది ఎంచుకోమంటారు?" అని. కొత్తగా పెండ్లయినవారు అడుగుతారు, షష్టిపూర్తి చేసుకున్నవారూ అడుగుతారు. నీలపు నీరు, తెల్లని ఇసుక, కొబ్బరిచెట్ల నీడలో రెండు పడక కుర్చీలు ఉన్న బొమ్మలు నాకు చూపుతారు. బొమ్మలన్నీ అందమైనవే. అయితే ఏ బొమ్మలోనూ కనిపించనిది ఒకటి ఉన్నది. అది గాలి.

విహారయాత్రలతో వైద్యునికి ఏమి పని అని పాఠకులకు తోచవచ్చును. రోగిని చూచే ముందు రోగి ఉన్న దేశాన్ని, నడుస్తున్న కాలాన్ని చూడమని మా గురువుగారు మొదటి పాఠంలోనే చెప్పినారు. ఔషధానికి వర్తించే ఈ నియమం విశ్రాంతికి కూడా వర్తిస్తుంది. ఈ సంగతి నలభై ఏండ్లుగా ఇతరులకు చెబుతూ వచ్చిన నేనే ఒకసారి మరచిపోయినాను. ఆ అనుభవాన్ని దాచకుండా చెప్పుట న్యాయమని తలచి ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

నేను చేసిన పొరపాటు

ఆరేండ్ల క్రితం ఆషాఢమాసంలో నేను, నా ధర్మపత్ని మన దేశపు పశ్చిమ తీరంలోని ఒక పెద్ద రిసార్టుకు వెళ్ళినాము. సగం ధరకే ఇస్తున్నారని తెలిసి సంతోషించినానే గాని, ఆ నెలలో సగం ధరకు ఎందుకు ఇస్తున్నారని ఆలోచించలేదు. గది సముద్రానికి ఎదురుగా రెండవ అంతస్తులో ఉన్నది. లిఫ్టు లేదు. కిటికీ తీస్తే జడివానతో కూడిన గాలి, మూసివేస్తే ఎ.సి. చలి. భోజనశాలలో రాత్రిపూట అన్నీ చల్లారిన పదార్థాలే.

ఆమెది వాతప్రకృతి. మోకాళ్ళలో సంధివాతం అప్పటికే మొదలైనది. వర్షర్తువులో వాతం ప్రకోపిస్తుంది, జఠరాగ్ని మందగిస్తుంది. అటువంటి కాలంలో, అటువంటి చోట, వాతప్రకృతి గల మనిషిని గాలికి ఎదురుగా కూర్చుండబెట్టినాను. నాలుగవనాడు మెట్లు దిగుతూ ఆమె గోడ పట్టుకొని నిలబడిపోయినప్పుడు గాని నాకు విషయం తెలియలేదు. మూడు రాత్రులుగా ఆమెకు నిద్ర లేదు.

"నాకెందుకు చెప్పలేదు?" అని అడిగినాను. "మీరు అంత సరదాపడి తీసుకొచ్చారు. చెబితే వెంటనే ఇంటికి పోదామంటారు. అందుకని ఊరుకున్నానండీ" అన్నది. నాడి పట్టి వందలమంది బాధలు తెలుసుకొనే నేను, పక్కనే ఉన్న మనిషి మూడు రాత్రులు మేలుకొని ఉన్నదని గ్రహించలేకపోయినాను. ఆ మోకాళ్ళ నొప్పి తగ్గడానికి నాలుగు నెలలు పట్టినది. నా సిగ్గు ఇంకా తగ్గలేదు.

దేశం, కాలం, ప్రకృతి

చరక సంహిత కల్పస్థానం మొదటి అధ్యాయంలో భూమిని జాంగలము, ఆనూపము, సాధారణము అని మూడు విధాలుగా విభజించినారు. నీరు, చెట్లు, చల్లని గాలి అధికంగా ఉండే సముద్రతీరం ఆనూపదేశం. అక్కడ వాతకఫ రోగాలకు అవకాశం ఎక్కువ. అంతమాత్రాన సముద్రతీరం కూడదని అర్థం కాదు. ఎవరికి, ఏ నెలలో, తీరంలోని ఏ భాగంలో అని విచారించవలెనని అర్థం. ఇద్దరు కలిసి పోయేటప్పుడు ఇద్దరి ప్రకృతులనూ చూడవలెను. రెంటికీ పొత్తు కుదరనప్పుడు, బలహీనంగా ఉన్నవారి శరీరాన్ని అనుసరించి ఎంపిక చేయవలెను. బలవంతులు ఎక్కడైనా సర్దుకొనగలరు.

ఈ విచారణ ఎట్లు చేయవలెనో చూపడానికి మారిషస్ ద్వీపాన్ని ఉదాహరణగా తీసుకుంటాను. రెండేండ్ల క్రితం మా వివాహమై నలభై ఏండ్లు నిండిన సందర్భంలో మా అబ్బాయి మమ్ములను అక్కడికి పంపినాడు.

మారిషస్‌లో నాలుగు దిక్కులు

మారిషస్ మన తెలుగువారికి పరాయిది కాదు. పందొమ్మిదవ శతాబ్దంలో చెరకుతోటల పనికి ఓడలెక్కిన మనవారు కాకినాడకు చేరువలోని కోరంగి రేవు నుండి కూడా పోయినారు. అందువలననే అక్కడ తెలుగువారికి కోరంగీలు అనే పేరు వచ్చినది. నేటికీ ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవుదినం. మా ఊరు కాకినాడ ప్రాంతమే గనుక ఆ ప్రయాణమంటే నాకు తీర్థయాత్రవలె తోచినది.

మొదట గ్రహించవలసినది కాలం. ఆ ద్వీపం భూమధ్యరేఖకు దక్షిణంగా 20 డిగ్రీల అక్షాంశంలో ఉన్నది. కనుక మన ఋతువులు అక్కడ తలక్రిందులవుతాయి. మనకు వర్షర్తువైన జులై, ఆగస్టు నెలలు వారికి శీతకాలం. పగటివేళ తీరంలో సుమారు 24 డిగ్రీల వేడి ఉంటుంది. నవంబరు నుండి ఏప్రిల్ వరకు ఎండ, ఉక్క, వానలు. జనవరి నుండి మార్చి వరకు తుపానుల భయం ఎక్కువ. మన పంచాంగాన్ని చేతపట్టుకొని అక్కడి ఋతుచర్యను నిర్ణయించరాదు.

రెండవది గాలి. ఆగ్నేయ దిక్కు నుండి వ్యాపారపవనాలు ఆ ద్వీపం మీదికి సంవత్సరమంతా వీస్తాయి. జూన్ నుండి సెప్టెంబరు వరకు వాటి బలం అధికం. ఈ ఒక్క సంగతి తెలిస్తే ఎంపిక సగం పూర్తయినట్లే.

తూర్పు తీరం: బెల్ మార్ ప్రాంతంలో తెల్లని ఇసుక మైళ్ళకొద్దీ పరచుకొని ఉంటుంది. ఖరీదైన రిసార్టులు అనేకం ఇక్కడ ఉన్నవి. గాలి నేరుగా వచ్చి తగిలేదీ ఇక్కడనే. పిత్తప్రకృతి గలవారికి, ఎండకు త్వరగా వాడిపోయేవారికి వేడి నెలలలో ఈ గాలి హాయినిస్తుంది. వాతప్రకృతి గలవారు జులైలో ఇక్కడికి పోరాదు.

పడమటి తీరం: ఫ్లిక్ ఆన్ ఫ్లాక్ ప్రాంతానికి నడుమనున్న కొండలు, పీఠభూమి గాలికి అడ్డుగా నిలుస్తాయి. వాన తక్కువ, ఎండ ఎక్కువ. సూర్యాస్తమయం సముద్రంలో కనిపిస్తుంది. కీళ్ళనొప్పులు గలవారికి శీతకాలంలో ఇది అనుకూలం.

నైరుతి కొన: ల మోర్న్ కొండ క్రింద అతి సుందరమైన తీరమున్నది. పారిపోయిన బానిసలకు ఆశ్రయమిచ్చిన ఆ కొండను యునెస్కో 2008లో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించినది. అయితే గాలిపటం కట్టుకొని అలలమీద జారే క్రీడకు లోకమంతటి నుండీ ఇక్కడికి వస్తారు. గాలిపటాలు ఎగిరేచోట గాలి ఎంతో వేరుగా చెప్పనక్కరలేదు. బొమ్మలో గాలిపటాలు కనిపిస్తే వాతరోగులు ఆ పుట త్రిప్పివేయవలెను.

ఉత్తర తీరం: ట్రూ ఓ బిష్ వద్ద నీరు నిలకడగా ఉంటుంది, గాలి తక్కువ. దాని సమీపంలోని గ్రాండ్ బే సందడి ఊరు. యువదంపతులకు బాగుంటుంది. నిద్రపట్టనివారు గది పాటల మోతకు ఎంత దూరమో విచారించవలెను.

దక్షిణ తీరం: ద్వీపం చుట్టూ చాలా భాగం పగడపుదిబ్బ ఉండి అలలను ఆపుతుంది. దక్షిణాన సూయాక్ వద్ద ఆ దిబ్బ తెగిపోయి అలలు కొండచరియలకు కొట్టుకుంటాయి. అది చూచి ఆనందించవలసిన చోటు. స్నానానికి పనికిరాదు.

మా అబ్బాయి మొదట తూర్పు తీరాన గది చూచినాడు. "నాన్నగారూ, దీనికి మించిన బీచ్ లేదండి" అన్నాడు. నేను, "మీ అమ్మ మోకాళ్ళకు ఆ మాట తెలియదు నాయనా" అని చెప్పి పడమటికి మార్పించినాను.

విడిదివారిని అడుగవలసినవి

డబ్బు కట్టక ముందే ఈ ప్రశ్నలకు సమాధానం తెప్పించుకోవలెను.

1. గది నేలమీదనా, మెట్లెక్కవలెనా? భోజనశాలకు ఎంత నడక? మోకాళ్ళు బాగుండనివారు నేలమీది గదినే కోరవలెను. సముద్రం ఎదురుగా కనిపించే గదికంటె తోటవైపు గది చౌక, పైగా గాలి తక్కువ.

2. రాత్రి భోజనం వేడిగా అప్పటికప్పుడు వండి పెట్టగలరా? శాకాహారం ఎంతమాత్రం దొరుకును? అక్కడి రిసార్టులలో ఉదయం, రాత్రి భోజనాలు గది అద్దెలో కలిసి ఉండే పద్ధతి సాధారణం. బఫేలో వంద పదార్థాలు కనిపించినా నాలుగింటితో ఆపవలెను. చేపలు తిన్న వెంటనే పాలు, ఐస్‌క్రీము విరుద్ధాహారం. రాత్రివేళ పెరుగు కూడదు.

3. ఆయుర్వేద అభ్యంగమని వ్రాసినవారి వద్ద వైద్యుడున్నాడా? ఏ తైలం వాడుదురు? కాచి వెచ్చగా వాడుదురా? సువాసన నూనె రాసినంత మాత్రాన అది అభ్యంగం కాదు. మారిషస్‌లో 1989లోనే ఆయుర్వేదానికి చట్టబద్ధమైన గుర్తింపు లభించినది గనుక అర్హత గల వైద్యుని గురించి అడుగుటకు సంకోచింపరాదు. జ్వరం, అజీర్ణం ఉన్నప్పుడు, భోజనమైన వెంటనే అభ్యంగం చేయించుకోరాదు.

4. ఆసుపత్రి ఎంత దూరం? ఉత్తరాన పాంప్లెమూస్‌లో, తూర్పున ఫ్లాక్‌లో, నడుమ కాండోస్‌లో, దక్షిణాన రోజ్ బెల్‌లో ప్రభుత్వ ఆసుపత్రులున్నవి. గుండెజబ్బు, ఉబ్బసం ఉన్నవారికి ఈ ప్రశ్నే మొదటిది.

వెంట తీసుకొనిపోవలసినవి

రోజూ వాడే మందులను వైద్యుని చీటీతో సహా చేతిసంచిలో ఉంచుకోవలెను. యాత్రకు పోతున్నామని ఏ మందునూ మానరాదు. పచ్చి వేళ్ళు, ఆకులు, విత్తనాలు తీసుకొని పోరాదు, వాటికి అక్కడ అనుమతి కావలెను. అల్లం, జీలకర్ర, పసుపు ఆ ఊరి అంగళ్ళలోనే దొరుకుతాయి.

ఆకలి మందగిస్తే: భోజనానికి ముందు చిన్న అల్లం ముక్కను చిటికెడు సైంధవ లవణంతో నమలవలెను. రక్తపు పోటు ఉన్నవారు ఉప్పు మానవలెను.

పడవలో వికారమైతే: అల్లం ముక్కను బుగ్గన ఉంచుకొని రసం మెల్లగా మింగవలెను. కడుపు నిండా తిని పడవ ఎక్కరాదు.

కీళ్ళు పట్టివేస్తే: నువ్వులనూనె గోరువెచ్చగా చేసి పది నిమిషాలు మర్దించి, వేడినీళ్ళతో స్నానం చేయవలెను. సాయంకాలం గాలిలో మోకాళ్ళకు, చెవులకు వస్త్రం కప్పుకోవలెను.

నిద్ర పట్టకుంటే: వేడిపాలలో చిటికెడు జాజికాయ పొడి కలిపి త్రాగవలెను. చిటికెడుకు మించరాదు. గర్భవతులు వాడరాదు.

నీటిలో దిగేటప్పుడు రబ్బరు బూట్లు తప్పనిసరి. రాయివలె కనిపించే విషపు చేప ఒకటి అక్కడి లోతులేని నీటిలో ఉంటుంది. దాని ముల్లు దిగితే కాలిని ఓర్చుకోగలిగినంత వేడి నీటిలో ముంచి, ఆలస్యం చేయక ఆసుపత్రికి పోవలెను. ఇక్కడ ఇంటివైద్యం పనికిరాదు.

ముగింపు

మేము ఫ్లిక్ ఆన్ ఫ్లాక్ వద్ద ఏడు రోజులున్నాము. గది నేలమీదనే ఉన్నది. కిటికీ ముందు సముద్రం లేదు, మందారపు కంచె ఉన్నది. నా ధర్మపత్నికి మోకాళ్ళనొప్పి మాయమైపోలేదు. అట్లు చెబితే అది అసత్యమగును. అయితే ప్రతి రాత్రీ ఆమె నిద్రపోయినది. ఈసారి ప్రతి ఉదయం నేను అడిగినాను, ఆమె దాచకుండా చెప్పినది. ఐదవనాడు ఆమెయే లేచి, "రండి, నీళ్ళదాకా నడుద్దాం" అన్నది. ఇసుకలో రెండు వందల అడుగులు నడిచి మోకాలిలోతు నీటిలో నిలబడినాము. ఆరేండ్ల క్రితం నేను ఆమెకు ఇవ్వదలచినది అదే.

లక్షలు ఖర్చు చేసి కొనుక్కొనే భోగం బొమ్మలో లేదు. నిద్ర, వేడి అన్నం, గాలి తగలని మూల, దగ్గరలో వైద్యుడు, ఇవే నిజమైన భోగాలు. మాల్దీవులకు పోయినా, బాలికి పోయినా, మన కోవళానికి పోయినా ఇదే విచారణ చేయవలెను. గది ఖాయం చేయక ముందు మీ ఇద్దరిలో బలహీనులెవరో వారిని పక్కన కూర్చుండబెట్టుకొని, "నీకెక్కడ హాయిగా ఉంటుంది?" అని అడగండి. "మీ ఇష్టం" అంటే మరొకసారి అడగండి.