గేరు మార్చేది నూనె

1960లలో తయారైన ఫోర్డ్ మస్టాంగ్ ఒకటి మొదటి గేరు నుంచి రెండో గేరుకు వెళ్లేటప్పుడు ఇంజిన్ ఒక్క క్షణం గట్టిగా అరిచి, ఆ తర్వాతగానీ గేరు పడటం లేదనుకుందాం. షెడ్డుకు తీసుకెళ్తే సాధారణంగా వినిపించే మాట ఒకటే: "గేరు బాక్సు పోయింది, దింపాలి." ఆ మాట అన్నిటికన్నా చివర రావాలని నా నమ్మకం. ఆ కాలపు ఆటోమేటిక్ గేరు బాక్సులో కంప్యూటర్ లేదు. ఏ గేరు ఎప్పుడు పడాలో తేల్చేది నూనె ఒత్తిడి. ఆ ఒత్తిడిని బాక్సు విప్పకుండానే కొలవచ్చు. ఆ నూనెను బొట్టు తీసి చూడొచ్చు. ఈ యంత్రం ఎలా పుట్టి పెరిగిందో తెలిసినవాడికి, ఎక్కడ వెతకాలో సగం తెలిసినట్టే.

దీని పుట్టుక ఓడల దగ్గర మొదలైంది. ఆవిరి టర్బైన్ మహా వేగంగా తిరుగుతుంది, ఓడను నెట్టే ప్రొపెల్లర్ మాత్రం నిదానంగా తిరగాలి. అప్పటి జర్మనీలోని స్టెటిన్ ఓడల కర్మాగారంలో పనిచేసిన ఇంజనీరు హెర్మన్ ఫోటింగర్, ఈ రెండింటి మధ్య ద్రవాన్ని పెట్టే ఉపాయానికి 1905లో పేటెంట్ కోరాడు. నడుస్తున్న ఫ్యాను ఎదురుగా స్విచ్ వేయని ఫ్యాను పెడితే, గాలి తాకిడికి రెండోదీ తిరుగుతుంది. గాలికి బదులు నూనె నింపి, రెక్కల చక్రాలు రెండింటినీ ఒకే గుండ్రటి డబ్బాలో ఎదురెదురుగా బిగిస్తే అదే ఫ్లూయిడ్ కప్లింగ్. కారు ఆగినప్పుడు ఒక చక్రం నిలబడిపోయినా రెండోది తిరుగుతూనే ఉంటుంది కాబట్టి ఇంజిన్ ఆగిపోదు. కారు ఆపేటప్పుడు క్లచ్ తొక్కే అవసరం అక్కడితో తీరిపోయింది.

గేర్లు మార్చే సంగతి వేరు. దానికి కావలసిన ప్లానెటరీ గేర్లు 1908 నాటి ఫోర్డ్ మోడల్ టీలోనే ఉన్నాయి. నడుమ ఒక పళ్ల చక్రం, దాని చుట్టూ తిరిగే చిన్న చక్రాలు, వాటన్నిటినీ చుట్టి లోపలివైపు పళ్లున్న వలయం. ఇందులో పళ్లు ఎప్పుడూ విడిపోవు. ఏ భాగాన్ని కదలకుండా పట్టి ఉంచితే ఆ మేరకు వేగం మారుతుంది. మోడల్ టీలో ఆ పట్టు డ్రైవర్ కాలిది. ఆ పట్టును నూనెకు అప్పగించడమే మిగిలిన పని.

జనరల్ మోటార్స్‌లో ఆ పనికి పూనుకున్నవాడు ఎర్ల్ థాంప్సన్. గేరు మారేటప్పుడు పళ్లు గీరుకోకుండా చేసే సింక్రోమెష్‌ను 1928 కాడిలాక్ కార్లకు అందించినవాడూ ఆయనే. ఆయన బృందం రూపొందించిన హైడ్రా-మాటిక్ గేరు బాక్సు 1939 చివర్లో, 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కార్లతో మార్కెట్లోకి వచ్చింది. నాలుగు గేర్లు, అదనపు ధర 57 డాలర్లు. అందులో పార్క్ అనే స్థానమే లేదు. ఇంజిన్ ఆపి, లివర్‌ను రివర్స్‌లో పెట్టి దిగిపోయేవారు.

దాని లోపలి తర్కం ఎంత సరళమో చూస్తే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది. ఒక చిన్న వాల్వును రెండు వైపుల నుంచీ నూనె ఎదురెదురుగా తోస్తుంది. ఒకవైపు గవర్నర్ నుంచి వచ్చే ఒత్తిడి, కారు వేగంతోపాటు పెరిగేది. ఇంకోవైపు డ్రైవర్ యాక్సిలరేటర్ తొక్కినకొద్దీ పెరిగే ఒత్తిడి, దానికి తోడు ఒక స్ప్రింగు. వేగం వైపు నెగ్గగానే వాల్వు జరిగి పై గేరుకు దారి తెరుస్తుంది. మెల్లగా తొక్కితే గేరు తొందరగా మారుతుంది, గట్టిగా తొక్కితే ఆలస్యమవుతుంది. రెండు పీడనాల మధ్య తూకంతో యంత్రమే నిర్ణయం తీసుకుంటోందన్నమాట.

రెండో ప్రపంచ యుద్ధంలో ఎం5 స్టువర్ట్ తేలిక ట్యాంకులకు రెండేసి కాడిలాక్ ఇంజిన్లు, వాటికి రెండు హైడ్రా-మాటిక్‌లు అమర్చారు. యుద్ధం ముగిశాక అమ్మకాలు ఊపందుకున్నాయి. ఇంతలో పెద్ద దెబ్బ తగిలింది. మిషిగన్ రాష్ట్రంలో, ఇవాళ తెలుగు కుటుంబాలు ఎన్నో ఉంటున్న ఫార్మింగ్టన్ హిల్స్ పక్కనే లివోనియా ఉంది. 1953 ఆగస్టు 12న అక్కడి హైడ్రా-మాటిక్ కర్మాగారంలో గ్యాస్ కటింగ్ నిప్పురవ్వలు కన్వేయర్ కింది నూనె తొట్టిలో పడ్డాయి. కప్పు మీది తారు కరిగి కారుతూ మంటను మరింత పెంచింది. ఆరుగురు చనిపోయారు. కర్మాగారం మొత్తం బూడిదైంది. పెద్ద షెడ్లలో అడ్డుగోడలు, నీళ్లు చిమ్మే స్ప్రింక్లర్లు ఎందుకు తప్పనిసరో పరిశ్రమలు అప్పుడు గట్టిగా గుర్తించాయి. కొన్ని వారాల్లోనే ఉత్పత్తి విల్లో రన్‌లోని మరో కర్మాగారానికి మారింది. ఈలోగా కాడిలాక్, ఓల్డ్స్‌మొబైల్ కార్లు కొన్ని బ్యూక్ వారి డైనాఫ్లో బాక్సులతో బయటికి వెళ్లాయి.

ఆ డైనాఫ్లో 1948లో వచ్చింది. దానిది టార్క్ కన్వర్టర్. రెండు రెక్కల చక్రాల నడుమ మూడోది చేర్చి, తిరిగివచ్చే నూనెను అనుకూల దిశకు మళ్లిస్తే కారు కదిలే క్షణంలో లాగుడు బలం దాదాపు రెట్టింపవుతుంది. క్రైస్లర్ టార్క్‌ఫ్లైట్, మస్టాంగ్‌లో ఉన్న 1964 నాటి ఫోర్డ్ సీ4, అన్నీ ఈ కన్వర్టర్‌కు మూడు గేర్లు జోడించినవే.

ఇప్పుడు మన మస్టాంగ్ దగ్గరికి వద్దాం. మొదట నూనె మట్టం. కారు చదునైన నేల మీద ఉండాలి, నూనె బాగా వేడెక్కాలి, ఇంజిన్ నడుస్తూనే ఉండాలి. సీ4కు లివర్ పార్క్‌లో ఉంచి చూస్తారు, టార్క్‌ఫ్లైట్‌కు న్యూట్రల్‌లో. ఇంజిన్ ఆపి చూస్తే కన్వర్టర్‌లోని నూనె కిందికి దిగి మట్టం ఎక్కువ చూపిస్తుంది. మట్టం తగ్గితే పంపు గాలి పీల్చి ఒత్తిడి పడిపోతుంది. మరీ ఎక్కువైనా తిరిగే గేర్లు నూనెను చిలికి నురగ చేస్తాయి. రంగు ఎర్రగా ఉంటే మంచిదే. గోధుమ రంగుకు తిరిగి మాడు వాసన వస్తే బాక్సు లోపలి క్లచ్ ప్లేట్లు కాలుతున్నాయి. మబ్బుగా లేత గులాబీ రంగులో ఉంటే రేడియేటర్ లోపలి కూలర్ చిల్లుపడి నీళ్లు కలిశాయి. అలాంటి కారును ఇంక ఒక్క కిలోమీటరు కూడా నడపకూడదు. నీరు తగిలితే ప్లేట్ల మీది పొర జిగురు వదిలి ఊడిపోతుంది.

ఈ నూనెకూ ఒక బాధాకరమైన చరిత్ర ఉంది. గేరు మెత్తగా పడేందుకు స్పెర్మ్ తిమింగలం నూనెను 1970ల ఆరంభం దాకా ఇందులో కలిపేవారు. ఆ జీవుల రక్షణకు అమెరికా చట్టం చేశాక రసాయన శాస్త్రవేత్తలు ప్రత్యామ్నాయాలు వెతకాల్సి వచ్చింది.

తర్వాత చూడాల్సింది వాక్యూమ్ మాడ్యులేటర్. సీ4లో యాక్సిలరేటర్ సంగతి గేరు బాక్సుకు చేరవేసేది ఇదే. ఇంజిన్ నుంచి సన్నటి గొట్టం ద్వారా వచ్చే శూన్యత ఇందులోని రబ్బరు పొరను లాగుతుంది. గొట్టం పగిలితే, యాక్సిలరేటర్ ఎప్పుడూ నిండుగా తొక్కినట్టే బాక్సు భావిస్తుంది. గేర్లు ఆలస్యంగా, కుదుపుతో పడతాయి. పొర చిరిగితే ఇంజిన్ ఆ గొట్టంలోంచి నూనెను పీల్చుకుని కాలుస్తుంది. నేల మీద చుక్క పడదు, మట్టం మాత్రం తగ్గుతూ ఉంటుంది, సైలెన్సర్ నుంచి పొగ వస్తుంది. గొట్టం ఊడదీసి లోపల నూనె తడి ఉందేమో చూస్తే చాలు. ఇంజిన్ వాల్వు కాలి శూన్యత తగ్గినా గేర్లు ఇలాగే మొరాయిస్తాయి. ఇంజిన్ జబ్బుకు గేరు బాక్సు విప్పిన సందర్భాలు ఇలాంటివే.

రెండో గేరుకు వెళ్లేటప్పటి అరుపు మాత్రం చాలాసార్లు బ్యాండ్‌ది. తిరిగే డ్రమ్మును చుట్టి పట్టుకునే ఈ ఉక్కు పట్టీ అరిగి వదులైతే పట్టు ఆలస్యమవుతుంది. దాన్ని సరిచేసే స్క్రూ బాక్సు బయటే, డ్రైవర్ సీటు వైపు ఉంటుంది. లాక్ నట్టు కొత్తది వేసి, టార్క్ రెంచితో స్క్రూను 10 పౌండ్-అడుగుల దాకా బిగించి, సరిగ్గా ఒకటిముప్పావు చుట్టు వెనక్కి తిప్పాలి. రివర్స్‌లో జారుతుంటే రెండో వైపున్న స్క్రూకూ ఇదే పద్ధతి, కాకపోతే మూడు చుట్లు.

ఇవన్నీ చేసినా జారుతుంటే ప్రెషర్ గేజ్ తగిలించాలి, బాక్సు కింది నూనె ప్యాన్ దింపాలి. అడుగున పల్చటి బూడిద రంగు మడ్డి సహజమే. మెరిసే లోహపు పలుకులు, నల్లటి ప్లేట్ల పొట్టు కనిపిస్తే అప్పుడు గేరు బాక్సు దింపాల్సిందే. రాత్రంతా నిలబెట్టిన కారు పొద్దున్నే డ్రైవ్‌లో పెడితే చాలాసేపటికిగానీ కదలకపోవడం కూడా తరచుగా లోపలి రబ్బరు సీళ్లు యాభై ఏళ్లకు బిరుసెక్కడం వల్లే. అంగట్లో దొరికే సీళ్లు ఉబ్బించే డబ్బా మందుల మీద నాకు నమ్మకం లేదు. ఉబ్బిన సీలు కొన్నాళ్లకు మెత్తబడి మళ్లీ వదులవుతుంది.

బాక్సు కొత్త సీళ్లతో బిగించాక, మూత వేయకముందే ఒక్కో క్లచ్ రంధ్రంలోకి కంప్రెసర్ గాలి పంపి చూడాలి. ధబ్ మని మోగితే క్లచ్ పట్టింది. సీత్కారం వినిపిస్తే ఆ సీలు మళ్లీ తీయాలి. చివరికి ఇంజిన్‌కు కలిపేటప్పుడు కన్వర్టర్‌ను చేత్తో తిప్పుతూ పంపు గేరులోకి పూర్తిగా కూర్చోబెట్టాలి. అది సగమే కూర్చున్నప్పుడు బోల్టులు బిగిస్తే, మొదటిసారి ఇంజిన్ స్టార్ట్ చేయగానే పంపు విరుగుతుంది.