బావి క్రింది రాయిని తెలిసికొనుట

బోరు వేయించదలచినపుడు మనము ముందు సొమ్ము సంగతి చూతుము, పిదప లారీ ఎప్పుడు వచ్చునో విచారింతుము. క్రిందనున్న రాయి ఎట్టిదని అడుగువారు తక్కువ. నీరు పడుటయు, పడకపోవుటయు ఆ రాతిని బట్టియే యుండును. అగ్నిశిలలు, అవక్షేప శిలలు, రూపాంతర శిలలు అని మీ పిల్లలు పరీక్షకు వల్లించుచుందురే, ఆ మూడు మాటలలోనే మీ బావి సంగతి కూడ ఉన్నది.

భూమి లోపల కరిగియున్న పదార్థము చల్లారి గట్టిపడినచో అది అగ్నిశిల. లోపలనే మెల్లగా చల్లారినది గ్రానైటు. పలుగు, అభ్రకము, ఫెల్‌స్పారు పలుకులు కంటికి కనబడును. పైకి పొంగి త్వరగా చల్లారినది బసాల్టు; నల్లగా, సన్నని పలుకుతో నుండును. ఆదిలాబాదు వైపు నున్న బసాల్టు సుమారు 6.6 కోట్ల సంవత్సరముల క్రిందట పొరలు పొరలుగా ప్రవహించిన లావా. ఇసుక, బురద, సున్నము నీటి అడుగున పేరుకొని గట్టిపడినవి అవక్షేప శిలలు. గోదావరి లోయలో బొగ్గుతో కూడ నున్న ఇసుకరాయి, కర్నూలు ప్రాంతపు నాపరాయి ఇట్టివి. వేడిమికి, ఒత్తిడికి లోనై రూపు మారినవి రూపాంతర శిలలు. గ్రానైటు వంటి రాయి చారలు తేలి నైసు అగును. తెలంగాణలోను, రాయలసీమలోను చాల భాగము గ్రానైటు, నైసుల మీదనే యున్నది. వీనిలో అధికభాగము వయస్సు 250 కోట్ల సంవత్సరములకు తక్కువ కాదు.

రాయి ఎండకు వ్యాకోచించి, చలికి సంకోచించి పగులును. వాన నీరు ఫెల్‌స్పారును మెల్లగా బంకమట్టిగా మార్చును. పలుగు మాత్రము మారక ఇసుకగా మిగులును. మీ ఎర్ర చల్కలో చేతికి గరగరలాడునది ఆ పలుగే. బసాల్టులో పలుగు దాదాపు లేదు గనుక అది చివికి రేగడి యగును. అయితే నల్లనేల యంతయు బసాల్టుదే యని తలపరాదు. కర్నూలు రేగడికి చాలచోట్ల సున్నపురాయి, పలకరాయి మూలము. డెల్టా నల్లనేల నది తెచ్చిన ఒండ్రు.

ఇక నీటి మాట. ఒక గ్లాసులో ఇసుక, మరియొక దానిలో బంకమట్టి నింపి నీరు పోయుడు. రెండును నీటిని పట్టును. అడుగున చిల్లి పెట్టినచో ఇసుక నీటిని విడుచును, బంకమట్టి విడువదు. నీటిని పట్టుకొనుట వేరు, విడుచుట వేరు. బావికి కావలసినది రెండవ గుణము. గట్టి గ్రానైటుకు ఈ రెండును లేవు. దానిలో నీరుండు చోట్లు రెండే: పైన చివికిన మొరము, దాని క్రింద రాతిలోని పగుళ్ళు. మొరము సాధారణముగా 10 నుండి 20 మీటర్ల వరకు ఉండును. పగుళ్ళలో ఎక్కువ భాగము 100 మీటర్ల లోపుననే యుండును. లోతు పెరిగినకొలది పైబరువుకు అవి మూసికొనిపోవును. కావున 100 మీటర్ల వరకు తడి తగలని గ్రానైటులో "ఇంకొక వంద అడుగులు పోనిండు" అనుట నా దృష్టిలో జూదమే. ఇసుకరాయి నేలలో ఈ మాట వర్తించదు. అచ్చట లోతు బోరు ఫలించవచ్చును. సున్నపురాయిని వాననీరు కరిగించి సొరంగములు చేయును. బెలుం గుహలు అట్లేర్పడినవే. అట్టి నేలలో ఒక బోరు పొంగిపొరలుచుండగా పది గజముల దూరమున మరియొకటి ఎండియుండవచ్చును.

మా నాయనగారు మా చేనిలో రెండు బోర్లు వేయించి అప్పు చేసిరి. రెండింట నీరు లేదు. ఆ చేనికి ఎగువను నల్లబండల కట్ట యొకటి గీత గీసినట్లు పోవుచుండెను. అది డైకు, అనగా పాత రాతి పగులులోనికి ఎగదన్ని గట్టిపడిన డోలరైటు గోడ అని నాకు కళాశాలలో గాని తెలియలేదు. పల్లమునకు పారు భూగర్భజలమును అట్టి గోడ చాలచోట్ల అడ్డగించును. కట్టకు ఎగువనున్న పొరుగు బావిలో నీరుండెను. దిగువనున్న మాకు లేకపోయెను. మీ పొలములో అట్టి నల్లబండల వరుస యున్నచో ముందుగా దానిని గమనింపుడు.

నీరు పడినను లెక్క మరువరాదు. 550 మిల్లీమీటర్ల వాన కురియు చోట ఒక ఎకరముపై పడునది సుమారు 22 లక్షల లీటర్లు. గ్రానైటు నేలలో దానియందు ఇంచుమించు పదవ వంతు, అనగా 2.2 లక్షల లీటర్లు లోనికి ఇంకును. ఒక ఎకరము వరికి 1200 మిల్లీమీటర్ల నీరనుకొన్నచో 48 లక్షల లీటర్లు కావలెను. ఇందులో కొంత మరల ఇంకునని ఒప్పుకొన్నను, ఒక ఎకరపు వరి పెక్కు ఎకరముల ఊటను త్రాగుచున్నదనుట నిజము. ఆ ఎకరములు మీ ఒక్కరివే కావు.

కొబ్బరికాయ అరచేత పెట్టుకొని నడచువారిని నమ్ముటకు శాస్త్రాధారము లేదు. భూమిలోనికి విద్యుత్తు పంపి పరీక్షించు పద్ధతి కలదు. తడిసిన మొరము, పగిలిన రాయి విద్యుత్తును సులువుగా పోనిచ్చును, గట్టిరాయి పోనీయదు. బంకమట్టియు పోనిచ్చును గనుక ఫలితము చదువుటకు అనుభవము కావలెను. భూగర్భ జల శాఖవారిని అడిగి పరీక్ష చేయించుకొనుడు. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము ప్రకారము అనుమతి సంగతియు ముందే కనుగొనుడు.

బోరు వేయునాడు మీరు దగ్గరనే యుండవలెను. ప్రతి 10 అడుగులకు పైకి వచ్చు పొడిని పిడికెడు తీసి, కాగితములో పొట్లము కట్టి, లోతు వ్రాసి యుంచుడు. ఎర్రగా వచ్చినది మొరము, తెలుపు నలుపు చుక్కలది గ్రానైటు, అంతయు నల్లగానున్నచో డోలరైటు కావచ్చును. పొడి తడిగా మారిన లోతును విడిగా గుర్తింపుడు. బోరు విఫలమైనను ఆ పొట్లములను పారవేయక, రెండవ బోరు తలపెట్టుటకు ముందు వానిని తీసికొని పరీక్షకు వెళ్ళుడు.