పక్కనే ఉన్నా... మైకు కావాలి!

భుజాలు రాసుకునేంత దగ్గరగా కూర్చుంటారు. అయినా ఒకరి మాట ఒకరికి వినపడదు! చిన్న స్పోర్ట్స్ కార్లతో వచ్చిన చిక్కే ఇది. 1989లో వచ్చిన మజ్దా ఎంఎక్స్-5నే తీసుకోండి. రెండే సీట్లు, తీసేయగలిగే పైకప్పు. 2016 నాటికి పది లక్షల కార్లు తయారయ్యాయంటే దాని మోజు అర్థమవుతుంది. కానీ వేగం పెరిగితే గాలి హోరు. రేస్ ట్రాక్ మీదైతే తలకు హెల్మెట్టూ ఉంటుంది. 'బ్రేక్ వెయ్యి' అని శిక్షకుడు అరిచింది సమయానికి చెవిన పడకపోతే ప్రాణాల మీదికే వస్తుంది.

అందుకే ఇంటర్‌కమ్. హెల్మెట్లలో మైకు, చెవుల దగ్గర స్పీకర్లు, మధ్యలో చిన్న ఆంప్లిఫయర్ పెట్టె. బిగించడం తేలికే. తంటా అంతా కరెంటుతోనే!

9 వోల్టుల బ్యాటరీతో నడిచేవాటికి వైర్ల గొడవ లేదు. కాకపోతే అది సరిగ్గా మలుపులోనే అయిపోవచ్చు. కారు కరెంటు వాడదామంటే, ఇంజిన్ నడుస్తున్నప్పుడు అది 14 వోల్టుల దాకా ఉంటుంది. 9 వోల్టుల పెట్టెకు నేరుగా కలిపితే మాడిపోతుంది. మధ్యలో కన్వర్టర్ ఉండాల్సిందే.

పాత ఎంఎక్స్-5లో బ్యాటరీ డిక్కీలో ఉంటుంది. అక్కడినుంచి వైరు లాగేకంటే లైటర్ సాకెట్ దగ్గర తీసుకోవడం సులువు. ఫ్యూజు మాత్రం మరవకూడదు. ఇంజిన్ వేగంతోపాటు చెవుల్లో ఈల పెరుగుతోందా? అది ఆల్టర్నేటర్ పనే. ఫిల్టర్ పెట్టి, ఎర్త్ వైర్లన్నీ ఒకేచోట కలిపితే చాలావరకు తగ్గుతుంది.

ఇక మెల్లగా చెప్పినా చాలు. అరుపులు ఇంజిన్‌కే వదిలేయొచ్చు!