మార్కులు కాదు, ఏం వచ్చిందో అడగండి

పిల్లవాడు ప్రోగ్రెస్ కార్డు తెచ్చి తండ్రి చేతికిస్తాడు. తండ్రి మార్కులు చూస్తాడు, ర్యాంకు అడుగుతాడు, సంతకం పెట్టి ఇచ్చేస్తాడు. చాలా ఇళ్లలో బడితో సంబంధం ఇంతే. కానీ ఆ కార్డు వెనుక ఏడాది పొడవునా సాగే పని ఒకటుంది. అది తెలుసుకోవడం తల్లిదండ్రులకు ఎంతో అవసరం.

ముందు ప్రణాళిక

ఏ తరగతిలో ఏం నేర్పాలో రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ సంస్థ నిర్ణయిస్తుంది. దాన్నిబట్టి ఉపాధ్యాయులు వార్షిక ప్రణాళిక, పాఠ్య ప్రణాళిక రాసుకుంటారు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ఐదో తరగతి వరకు ఏడాదికి కనీసం 200 పనిదినాలు, 800 బోధన గంటలు ఉండాలి. 60 మంది వరకు పిల్లలుంటే ఇద్దరు టీచర్లు. అంటే చిన్న బడుల్లో ఆ ఇద్దరే ఐదు తరగతులూ చూసుకోవాలి. ఒక తరగతికి పాఠం చెబుతున్నంతసేపు మరో తరగతికి ఏదైనా పని అప్పగించాలి. ప్రణాళిక లేకపోతే ఆ పిల్లలు ఊరికే కూర్చుంటారు.

పరీక్ష ఎవరికి?

పాఠాలు సాగుతుండగా చేసేది నిర్మాణాత్మక మూల్యాంకనం. ఇందులో తరగతిలో పిల్లలు పాల్గొనే తీరు, రాత పని, ప్రాజెక్టు పని, లఘు పరీక్ష చూస్తారు. కొన్ని నెలల పాఠాలు ముగిశాక పెట్టే పరీక్ష సంగ్రహణాత్మక మూల్యాంకనం. నిజానికి మొదటిది పిల్లలకన్నా టీచరుకే పరీక్ష.

ఉదాహరణకు, 52లో నుంచి 27 తీసివేయమంటే ఒక పాప 35 అని రాసింది. తప్పని సున్నా వేస్తే కథ అక్కడితో సరి. కానీ 2లో 7 పోదు కాబట్టి 7లోంచి 2 తీసేసిందని గమనించిన టీచరుకు, పదుల స్థానం నుంచి అప్పు తెచ్చుకోవడం ఆ పాపకు రాలేదని అర్థమవుతుంది. పుల్లల కట్టలు విప్పి మళ్లీ చూపిస్తారు.

ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు అయిన పిల్లల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. లెక్క వచ్చినా ప్రశ్న అర్థంకాక కొందరు మౌనంగా ఉండిపోతారు. అలాంటివారిని నోటితో అడిగి చూడాలి. వీలైనంతవరకు మాతృభాషలోనే బోధించాలని చట్టమే చెబుతోంది.

మూడో తరగతి ముఖ్యం

మూడో తరగతి పూర్తయ్యేసరికి ప్రతి బిడ్డా అర్థం చేసుకుంటూ చదవాలని, చిన్న లెక్కలు చేయాలని 2021లో కేంద్రం 'నిపుణ్ భారత్' కార్యక్రమం ప్రారంభించింది. ఇందుకు కారణం ఉంది. పై తరగతుల్లో ప్రతి పాఠమూ పుస్తకం చదివే నేర్చుకోవాలి. చదవడమే రానివారు అన్నింటిలోనూ వెనుకబడతారు, చివరికి బడికే దూరమవుతారు. ఏటా పై తరగతికి పంపినంత మాత్రాన చదువు వచ్చినట్లు కాదు.

ప్రభుత్వ పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం మంది మహిళలు కావాలి. కాబట్టి తల్లులూ సమావేశాలకు వెళ్లాలి. మా బిడ్డకు ఏం వచ్చింది? ఏం రాలేదు? అది రావడానికి మీరేం చేస్తారు, ఇంట్లో మేమేం చేయాలి? అని టీచరును అడగండి. రాత్రి భోజనాలయ్యాక బిడ్డ చేత ఒక పేజీ పైకి చదివించండి. తల్లిదండ్రులకు చదువు రాకపోయినా పక్కన కూర్చుని వింటే చాలు, ఎక్కడ తడబడుతున్నదీ తెలుస్తుంది. అది మర్నాడు టీచరు చెవిన వేయండి.