ముందు ఏది? ఆ తర్వాత ఏది?

2024 అక్టోబరులో ఒక శనివారం రాత్రి, మా ఇంట్లో భోజనాల దగ్గర మొదలైన గొడవ ఈ వ్యాసానికి మూలం. నాకూ మా ఆవిడకీ సిటిజన్‌షిప్ వచ్చాక అదే మొదటి అధ్యక్ష ఎన్నిక. మా అబ్బాయికి కూడా అదే మొదటి ఓటు. దేన్నిబట్టి ఓటెయ్యాలి అన్న దగ్గర ముగ్గురివీ మూడు దారులు. "ఊరికే అరుచుకోవడం ఎందుకు? ముఖ్యమైన అంశాలు మూడు తీసుకుని ఎవరి వరస వాళ్ళు రాయండి, కలిపేద్దాం" అన్నాను. ఇరవయ్యేళ్ళుగా కోడు రాసి బతుకుతున్నవాణ్ణి, మూడంటే మూడు వస్తువుల్ని పేర్చలేనా అని ధీమా.

నా వరస: గ్రీన్ కార్డు క్యూ, వైద్యం ఖర్చు, కాలేజీ ఫీజులు. మా తమ్ముడు ఇంకా హెచ్1బి మీదే ఉన్నాడు. వాడి కూతురికి 21 నిండితే హెచ్4 పోతుంది. అందుకని నాకు అదే ముందు.

మా ఆవిడ వరస: వైద్యం, ఫీజులు, గ్రీన్ కార్డు. అంతకు ముందు ఏడాది నా ఉద్యోగం పోయినప్పుడు నాలుగు నెలలు కోబ్రా ఇన్సూరెన్సు కట్టాం. పేరుకి తగ్గట్టే కాటేసింది.

మావాడి వరస: ఫీజులు, గ్రీన్ కార్డు, వైద్యం. కాలేజీలో చేరబోయేది వాడే కదా.

ఇప్పుడు రెండేసి చొప్పున పోల్చండి. గ్రీన్ కార్డుకీ వైద్యానికీ పోటీ పెడితే నేనూ మావాడూ ఒకవైపు, కాబట్టి గ్రీన్ కార్డు గెలిచింది. వైద్యానికీ ఫీజులకీ పెడితే మా దంపతుల ఓట్లతో వైద్యం గెలిచింది. అలాగైతే గ్రీన్ కార్డు ఫీజుల్ని సునాయాసంగా ఓడించాలి కదా? ఓడించలేదు! తల్లీకొడుకులు ఒకటై ఫీజుల్ని గెలిపించారు. మాలో ఎవరి బుర్రా తిరగలేదు గానీ, ముగ్గుర్నీ కలిపితే వచ్చిన బుర్ర మాత్రం గిర్రున తిరుగుతోంది.

జావా రాసేవాళ్ళకి ఇది పాత చుట్టమే. ఏ కన్నా బి, బి కన్నా సి, సి కన్నా మళ్ళీ ఏ పెద్దవని మీ కంపారేటర్ చెబితే, జావా 7 నుంచీ సార్టింగు మధ్యలో ఎక్సెప్షన్ విసిరి కూర్చోవచ్చు. ఈ చిక్కుని ఫ్రాన్సులో కోండోర్సే 1785లోనే రాసిపెట్టాడు. ఆయన కాలంవాడే బోర్డా, మొదటి స్థానానికి రెండు మార్కులు, రెండోదానికి ఒకటి, మూడోదానికి సున్నా ఇచ్చి కూడమన్నాడు. కూడి చూశాం. మూడింటికీ మూడేసి మార్కులు!

పోనీ అని మనిషికి పది పాయింట్లు ఇచ్చి, ఇష్టమొచ్చినట్టు పంచుకోమన్నాను. నేను గ్రీన్ కార్డుకి ఎనిమిది వేశాను. మా ఆవిడ వైద్యానికి ఐదు, మావాడు ఫీజులకి నాలుగు వేశారు. గ్రీన్ కార్డు గెలిచింది. "ఎనిమిదని ముందే తెలిస్తే నేను పదీ వేసేదాన్ని కదండీ" అంది మా ఆవిడ. నిజమే, ఈ పద్ధతిలో గట్టిగా అరిచినవాడిదే గెలుపు. అన్ని రకాలుగా న్యాయమనిపించే కొన్ని మామూలు షరతుల్ని ఒకేసారి తృప్తిపరుస్తూ, ఎవరి నియంతృత్వమూ లేకుండా, ఎప్పుడూ తిరకాసు లేని వరసనిచ్చే పద్ధతి అసలు ఉండదని కెన్నెత్ ఆరో 1951లో నిరూపించాడు. ఆయనకి 1972లో నోబెల్ వచ్చింది. మా భోజనాల బల్ల దగ్గర నా పప్పులు ఉడకకపోవడంలో వింతేమీ లేదన్నమాట.

ముగ్గురి ఇంట్లోనే ఇలా ఉంటే, దేశం మొత్తానికి "ఫలానాదే నంబర్ వన్ సమస్య" అని టీవీలో చెబుతారే, దాని సంగతేమిటి?

2004 ఎన్నికలప్పుడు ఓటేసి బయటికొచ్చినవాళ్ళకి ఏడు అంశాల చీటీ ఇచ్చి ముఖ్యమైనది ఎంచమన్నారు. "నైతిక విలువలు" 22 శాతంతో మొదట నిలిచాయి. ఆర్థికం, ఉద్యోగాలు కలిపి 20, ఉగ్రవాదం 19, ఇరాక్ 15. విలువలే గెలిపించాయని పత్రికలు హోరెత్తించాయి. కానీ ఉగ్రవాదాన్నీ ఇరాక్‌నీ ఒకే గడిలో పెట్టి ఉంటే 34 శాతంతో అదే మొదటిది అయ్యుండేది. 2008లో ప్యూ సంస్థ ఇంకో తమాషా చూపించింది. ఐదు అంశాలు చదివి వినిపిస్తే 58 శాతం మంది ఆర్థికం అన్నారు. ఏమీ చదవకుండా మీరే చెప్పండంటే ఆ మాట అన్నది 35 శాతమే. చీటీ రాసినవాడే సగం జవాబు రాసేస్తాడు.

ముఖ్యం అన్న మాటకి దిశ కూడా ఉండదు. 2024 ఫిబ్రవరి గ్యాలప్ సర్వేలో 28 శాతం మంది వలసలే పెద్ద సమస్య అన్నారు. సరిహద్దు మూసెయ్యాలన్నవాడూ, మా తమ్ముడిలా క్యూ కదలాలని కోరుకునేవాడూ అందులో ఒకే లెక్కలో పడిపోతారు.

మరి మనం ఏం చెయ్యాలి? ఆ రాత్రి తర్వాత నేను పాటిస్తున్నవి మూడు.

ఒకటి, అంశాన్ని ముక్కలుగా రాసుకోవడం. "వలసలు" అని కాదు, "1990 చట్టం ప్రకారం ఏ దేశానికైనా ఉన్న 7 శాతం పరిమితి" అని.

రెండు, అది ఎవరి చేతిలో ఉందో చూడడం. ఆ పరిమితిని మార్చగలిగేది కాంగ్రెసు. ప్రభుత్వ కాలేజీ ఫీజుల్లో పెద్ద చెయ్యి రాష్ట్రానిది. పిల్లల బడి సంగతులు చాలావరకు స్కూల్ బోర్డువి. బ్యాలెట్ ఒక్కటే అయినా అందులో పదవులు చాలా ఉంటాయి. ప్రతి పదవికీ వేరే వరస ఉండొచ్చు. మా గొడవ సగం ఇక్కడే తీరిపోయింది.

మూడు, అభ్యర్థుల మధ్య ఆ విషయంలో తేడా ఉందా అని చూడడం. అన్ని వరసల్లోనూ ఒకే విలువ ఉన్న కాలమ్‌తో ఏ మోడలూ ఏమీ తేల్చలేదు. దేశాల పరిమితి ఎత్తేసే బిల్లు 2019లో ప్రతినిధుల సభలో 365–65తో నెగ్గింది. అంటే రెండు పార్టీలవాళ్ళూ వేశారు. 2020 డిసెంబరులో సెనేట్ తన సొంత రూపం ఆమోదించింది. రెండూ కలవకుండానే ఆ కాంగ్రెసు గడువు ముగిసింది. కాబట్టి పార్టీ పేరు చూసి లాభం లేదు, మన ప్రతినిధి ఆ రోజు ఎటు వేశాడో వెతకాలి. ఆ ఓటు రికార్డు అందరికీ అందుబాటులోనే ఉంటుంది.

ముగ్గురం మూడు వరసలతోనే వెళ్ళి ఓటేసి వచ్చాం. ఇంటికి ఒకే వరస ఉండి తీరాలని ఎవరన్నారు గనక!

ఆ సాయంత్రం మా తమ్ముడు ఫోన్ చేశాడు. ఎవరికి వేశావని అడగలేదు. "క్యూ ఎంతసేపు పట్టిందిరా అన్నయ్యా?" అన్నాడు. "నలభై నిమిషాలు" అన్నాను. "అంతేనా?" అని నవ్వాడు.