కమిషనరుగారు ఏ మార్గమున వచ్చిరి?

వరంగల్లునకు క్రొత్త పోలీసు కమిషనరు వచ్చినపుడెల్ల పత్రికలలో ఆయన ఛాయాచిత్రము క్రింద రెండు పంక్తుల వృత్తాంతము కనిపించును. ఏ బ్యాచివారు, లోగడ ఏ జిల్లాలో పనిచేసిరి అను సంగతులే అందుండును. చాలమంది పాఠకులు దానిని చూచి పుట త్రిప్పుదురు. కాని రాత్రి తలుపునకు గడియవేసి నిశ్చింతగా నిదురింపగోరు ప్రతి కుటుంబమునకును ఆ రెండు పంక్తులతో పని కలదు. వానిని చదువు విధమును గూర్చి నేడు ముచ్చటించెదము.

ముందుగా ఆ పదవి స్వరూపమును తెలిసికొందము. సామాన్యముగా జిల్లాలలో పోలీసు సూపరింటెండెంటు ఒకరు, నిషేధాజ్ఞలు జారీచేయు మేజిస్ట్రేటు వేరొకరు. కమిషనరేటులో అట్లు కాదు. అచట ఆ మేజిస్ట్రేటు అధికారములు సైతము కమిషనరు చేతిలోనే యుండును. వరంగల్లు 2015లో కమిషనరేటు అయినది. 2016లో జిల్లాల పునర్విభజన జరిగిన పిమ్మట జనగామ ప్రాంతమును దాని పరిధిలో చేరినది. నిజాము కాలమున 1348 ఫసలీలో రాజధానికై చేసిన హైదరాబాదు నగర పోలీసు చట్టమే నేడిచటను వర్తించుచున్నది. ఊరేగింపునకు అనుమతి ఇచ్చుట, సభను ఆపుట, ధ్వనివర్ధకములను కట్టడిచేయుట వంటి నిర్ణయములు ఒక్క అధికారి వివేకముపై ఆధారపడినపుడు, ఆ వివేకము ఎచట పదునెక్కినదో పౌరులు తెలిసికొనగోరుట సహజమే కదా!

ఈ ఆసనమునకు రెండు మార్గములు కలవు. మొదటిది అఖిల భారత పరీక్ష. అందు ఉత్తీర్ణుడై ఐ.పి.యస్. నందు ఎంపికైన యువకుడో యువతియో జాతీయ పోలీసు అకాడమీలో శిక్షణ పొందవలెను. 1948లో ఆబూ పర్వతమున ఆరంభమైన ఆ సంస్థ 1975లో హైదరాబాదు చేరినది. శిక్షణానంతరము ఒక సబ్ డివిజనులో అసిస్టెంటు సూపరింటెండెంటుగా పని నేర్చుకొని, కొలది వత్సరములకే జిల్లా బాధ్యత వహింతురు. రెండవది రాష్ట్ర సర్వీసు కమిషను జరుపు గ్రూప్-1 పరీక్ష. ఈ మార్గమున వచ్చినవారు డిప్యూటీ సూపరింటెండెంటుగా చేరి, ఆ హోదాలో కనీసము ఎనిమిదేండ్లు పనిచేసిన పిమ్మటనే ఐ.పి.యస్.కు పరిశీలింపబడుదురు. ఉన్నత స్థానములలో సుమారు మూడవ వంతు ఇట్టివారికి కేటాయింపబడినవి.

ఇచట పాఠకులు తరచుగా పొరబడు విషయ మొకటి కలదు. నేరుగా వచ్చినవారి బ్యాచి సంవత్సరము వారి ప్రవేశమును సూచించును. పదోన్నతి పొందినవారికి ఆ సంవత్సరము నియమములను బట్టి పిమ్మట లెక్కకట్టి ఇచ్చునది. కనుక ఒకే బ్యాచికి చెందిన ఇద్దరిలో ఒకరికి పోలీసు అనుభవము అయిదారేండ్లు అధికముగా ఉండవచ్చును. బ్యాచి అంకె నొక్కదానినే చూచి అనుభవమును కొలువరాదు.

వరంగల్లు కమిషనర్ల వరుసలో ఇరు మార్గములవారును కలరు. తొలి కమిషనరు జి. సుధీర్‌బాబుగారు. 2021లో వచ్చిన తరుణ్ జోషిగారు 2004 ఐ.పి.యస్. బ్యాచివారు. ఈ ఇరువురును 2024లో, ఒకరి తరువాత నొకరు, రాచకొండ కమిషనర్లుగా పనిచేసిరి. 2022 డిసెంబరులో వచ్చిన ఎ.వి. రంగనాథ్‌గారు గ్రూప్-1 ద్వారా డి.యస్.పి.గా ప్రవేశించి, నల్లగొండ జిల్లాను, పిమ్మట హైదరాబాదు ట్రాఫిక్ విభాగమును చూచినవారు. 2023 అక్టోబరులో నియమితులైన అంబర్ కిశోర్ ఝాగారు పూర్వము వరంగల్లు గ్రామీణ ప్రాంతమునకు సూపరింటెండెంటుగా ఉండినవారే. 2025 మార్చిలో వచ్చిన సన్‌ప్రీత్ సింగ్‌గారు జగిత్యాల, సూర్యాపేట జిల్లాలలో పనిచేసి వచ్చిరి.

వీరి వృత్తాంతములను ప్రక్కప్రక్కన నుంచి చూచిన ఏమి తేలును? దూరప్రాంతము నుండి వచ్చిన అధికారికి ఇచట బంధువులు లేరు, పాత పరిచయముల మొగమోటము లేదు. నిష్పాక్షికతకు అది బలము. క్రింది మెట్టు నుండి ఎక్కివచ్చిన అధికారికి ఠాణాలో ఫిర్యాదు ఎచట ఆగిపోవునో, కాగితముపై వ్రాసినదానికిని జరిగినదానికిని ఎంత దూరముండునో స్వానుభవమున తెలియును. అదియు బలమే. హైదరాబాదు కొత్వాలుగా 1920 నుండి 1934 వరకు పేరుగాంచిన రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డిగారు అమీను పదవితో, అనగా నేటి సబ్ ఇన్‌స్పెక్టరు వంటి ఉద్యోగముతో, జీవితము నారంభించిరి. మెట్టు మెట్టుగా పైకి వచ్చినవారు నగరమును ఎంత సమర్థముగా కాపాడగలరో చెప్పుటకు ఆయన చరిత్రయే చాలును.

అయితే ఏ మార్గమున వచ్చినవారికైనను ఊరిని గుర్తెరుగుటకు కాలము కావలెను. కాజీపేట రైల్వే కూడలి, ఎనుమాముల మార్కెటు, హనుమకొండ విద్యాలయములు, మేడారము జాతరకు సాగు జనప్రవాహము — వీనిలో ఒక్కొక్కదాని స్వభావము ఒక్కొక్క విధము. రెండేండ్ల కొకసారి వచ్చు జాతరను ఒక్కమారైనను చూడకముందే బదిలీ అయిన అధికారి తన వెనుకవచ్చు వానికి ఏమి అప్పగింపగలడు? ప్రకాశ్ సింగ్ కేసులో 2006 సెప్టెంబరు 22న సుప్రీముకోర్టు, క్షేత్రస్థాయి బాధ్యతలు వహించు పోలీసు అధికారులకు కనీసము రెండేండ్ల గడువు ఉండవలెనని ఆదేశించినది. పైని తేదీలను మరల చూడుడు. రంగనాథ్‌గారు ఇచట నున్నది సుమారు పది మాసములు. ఎన్నికల వేళ ఎన్నికల సంఘము ఆదేశముపై ఆయన బదిలీ జరిగినది. ఝాగారు ఉన్నది సుమారు పదునేడు మాసములు. బదిలీకి కారణము లుండవచ్చును. కాని ఊరికి మాత్రము ప్రతిసారియు క్రొత్త పరిచయమే.

ఆ లోటును కొంతవరకు తీర్చువారు ఛాయాచిత్రములకెక్కని కానిస్టేబులు, హెడ్ కానిస్టేబులు, ఠాణా అధికారులు. వీధి పేరు, వీధిలోని తగవు, తగవునకు మూలము వారికి తెలియును. వారి మాటను చెవినిబెట్టు కమిషనరునకు మార్గ మేదైనను మేలే జరుగును.

కావున ఇకపై పత్రికలో ఆ రెండు పంక్తులు కనిపించినపుడు మూడు ప్రశ్నలు వేసికొందము. ఈ అధికారి ఏ మార్గమున వచ్చెను? ఏ ప్రాంతములలో, ఏ పనిలో ఆరితేరెను? ఇచట ఎంతకాలము నిలువనిత్తురు? మొదటి రెండింటికి సమాధానము పత్రికలోనే దొరకును. మూడవది మాత్రము ప్రజలు అడుగుచుండవలసిన ప్రశ్న.