ఇంటర్వ్యూ కంటే కటింగే కష్టమా?

శుక్రవారం కరీంనగర్‌లో ఇంటర్వ్యూ. సర్టిఫికెట్ల జిరాక్సులన్నీ ఫైల్లో సర్దిపెట్టారు. చొక్కా ఇస్త్రీకి ఇచ్చారు. మెట్‌పల్లిలో ఎన్నింటికి బస్సెక్కితే కోరుట్ల, జగిత్యాల దాటుకొని టైముకు చేరొచ్చో లెక్క కూడా వేసుకున్నారు. 'మీ గురించి చెప్పండి' అంటే ఏం చెప్పాలో నాలుగుసార్లు పైకి పలికి చూసుకున్నారు. ఒక్క పని మాత్రం ఆదివారం నుంచి వాయిదా పడుతూనే ఉంది. 'ఇంక కటింగ్ జేపిచ్చుకోలేదా?' అని అవ్వ రెండుసార్లు అడిగింది. బాపు అడగలేదు గానీ మీ జుట్టు దిక్కు ఒక చూపు చూసి వెళ్లిపోయాడు. 'రేపు పోత' అన్నారు మీరు. ఆ రేపు మంగళవారం. షాపులు బంద్ ఉంటాయని మీకు తెలుసు. తెలిసే అన్నారు.

దీన్ని బద్ధకం అనుకుంటారు ఇంట్లోవాళ్లు. స్టైల్ కోసం పెంచుతున్నారనుకుంటారు దోస్తులు. రెండూ కాదని మీకొక్కరికే తెలుసు. ఆ కుర్చీలో కూర్చోవడమే మీకు పడదు. మెడకు గుడ్డ కట్టిన క్షణం నుంచి దిగేదాకా పళ్లు బిగబట్టి కూర్చుంటారు. ఈ సంగతి ఎవరికైనా చెబితే 'గింత పెద్దగైనవ్, కటింగ్‌కు భయమా?' అని నవ్వుతారని చెప్పరు.

కెరీర్ పేజీలో కటింగ్ గురించి ఎందుకని అడగొచ్చు. ఇంటర్వ్యూకు ఎలా వెళ్లాలో చెప్పేవాళ్లు 'నీట్‌గా హెయిర్‌కట్ చేయించుకొని రండి' అన్న ముక్కను అర నిమిషంలో చెప్పి ముందుకెళ్లిపోతారు. ఆ అర నిమిషం మాట కొందరికి వారం రోజుల యాతన. చివరి నిమిషందాకా ఆగి, ముందురోజు రాత్రి రద్దీలో ఏదో ఒకటి చేయించుకొని, దురద పెట్టే మెడతో, నిద్రలేని కళ్లతో ప్యానెల్ ముందు కూర్చునేవాళ్లు ఉన్నారు. మరీ పడనివాళ్లు ఆ ఇంటర్వ్యూకే ఎగనామం పెట్టి, ఇంట్లో 'ఆ కంపెనీ మంచిది కాదట' అని చెప్పేస్తారు.

తల మీద అసలేం జరుగుతుంది?

మన దిక్కు చాలామందికి మొదటి కటింగ్ వేములవాడలోనో, కొండగట్టులోనో, ధర్మపురిలోనో జరుగుతుంది. పుట్టువెంట్రుకలు తీసేటప్పుడు ఏడవని పిల్లలు అరుదు. మేనమామ ఒళ్లో కూర్చోబెట్టుకుంటాడు, ఇంకొకరు తల కదలకుండా పట్టుకుంటారు, చుట్టూ ఉన్నవాళ్లు నవ్వుతుంటే పని అయిపోతుంది. చాలామందికి ఆ తర్వాత కటింగ్ మామూలు పనే. కొందరు మాత్రం పెద్దయ్యాక పైకి ఏడవడం మానేస్తారు, అంతే.

ప్రతి వెంట్రుక మొదలు చుట్టూ నరాల కొసలు అల్లుకొని ఉంటాయి. వెంట్రుక కొద్దిగా వంగినా ఆ కబురు మెదడుకు చేరుతుంది. మామూలుగా మెదడు అలాంటి కబుర్లలో పదేపదే వచ్చేవాటిని పక్కన పెట్టేస్తుంది. పొద్దున వేసుకున్న చొక్కా ఒంటి మీద ఉన్న సంగతి కాసేపటికి మరిచిపోతాం కదా, అలా. కొందరి మెదడు వాటిని అంత తేలిగ్గా పక్కన పెట్టదు. దువ్వెన తగిలిన ప్రతిసారీ కొత్తగానే తెలుస్తుంది. కాలర్ లోపల పడ్డ చిన్న వెంట్రుక ముక్క సాయంత్రందాకా సూదిలా గుచ్చుతుంది.

మిషిన్ సంగతి ఇంకోటి. చెవి వెనక మిషిన్ పెట్టినప్పుడు ఆ మోత గాలిలోంచే కాదు, కింది ఎముక గుండా కూడా లోపలి చెవికి చేరుతుంది. అందుకే పక్క కుర్చీలో నడిచే మిషిన్‌కూ మీ తల మీద నడిచే మిషిన్‌కూ అంత తేడా. దీనికి తోడు మొహం మీద చల్లటి నీళ్ల స్ప్రే, పౌడర్ బ్రష్, ఆఫ్టర్‌షేవ్ ఘాటు, పైన టీవీలో పాటలు. ఇవన్నీ ఒకేసారి మీద పడుతుంటే ఒళ్లు ముడుచుకుపోవడం వింత కాదు.

జీన్ ఏయర్స్ అనే అమెరికన్ ఆక్యుపేషనల్ థెరపిస్టు ఈ ఇబ్బంది మీద ఏళ్ల తరబడి పనిచేసి 1972లో పుస్తకం రాశారు. తేలికపాటి స్పర్శను ఒళ్లు దాడిలా తీసుకోవడాన్ని ఆమె 'టాక్టైల్ డిఫెన్సివ్‌నెస్' అన్నారు. పశువుల షెడ్ల డిజైన్లతో ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న ప్రొఫెసర్ టెంపుల్ గ్రాండిన్‌కు ఆటిజం ఉంది. చిన్నప్పుడు తలకు షాంపూ పెడితే కూడా తనకు నొప్పి పుట్టేదని ఆమె రాసుకున్నారు. మానసిక వైద్యులు వాడే అమెరికన్ మాన్యువల్ డీఎస్ఎం-5లో 2013 నుంచి ఆటిజం లక్షణాల జాబితాలో ఈ స్పర్శ, శబ్దాల తీవ్రత కూడా ఉంది. అలాగని కటింగ్ పడనివాళ్లందరికీ ఆటిజం ఉన్నట్టు కాదు. ఏ పేరూ లేకుండా ఈ ఒక్క ఇబ్బందితోనే బతికేవాళ్లు ఉంటారు. తల మీద పుండ్లో, సోరియాసిసో ఉండి నొప్పి పుడుతుంటే మాత్రం అది చర్మవైద్యుడి పని. ముందు అది చూపించుకోండి.

అందరి ముందు అడిగే ప్రశ్న

స్పర్శ, శబ్దం ఒక ఎత్తు. ఉద్యోగం వెతుక్కునేవాళ్లకు ఆ కుర్చీలో ఇంకో ఎత్తు ఉంటుంది. 'ఏం జేస్తున్నవ్ తమ్మీ? నౌకరి అచ్చిందా?'

అడిగే మనిషి చెడ్డవాడు కాదు. మిమ్మల్ని చిన్నప్పటి నుంచి చూసినవాడు, మీ బాపుకు కూడా కటింగ్ చేసేవాడు. కుశలం అడిగినట్టే అడుగుతాడు. కానీ మీరు లేచి పోలేరు, తల తిప్పలేరు. ఎదురుగా అద్దంలో మీ మొహం మీకే కనిపిస్తుంటుంది. వెనక బెంచీ మీద వంతు కోసం కూర్చున్న నలుగురు పేపర్ మీంచి తల ఎత్తి మీ జవాబు కోసం చూస్తుంటారు. వాళ్లలో ఒకరి కొడుక్కు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఇంకొకరి అల్లుడు దుబాయ్‌లో. ఇంటర్వ్యూ ప్యానెల్ అయినా ఇంతకంటే మర్యాదగానే ఉంటుందని నాకనిపిస్తుంది. డిగ్రీ అయ్యి ఏడాది దాటినవాళ్లు కటింగ్ షాపు ముందునుంచి పోకుండా సందులోంచి తిరిగి పోవడానికి చాలాసార్లు కారణం ఇదే.

దీనికి పొడుగు జవాబు ఇవ్వాల్సిన పనిలేదు. 'నడుస్తున్నది కాకా, శుక్రవారం ఒకటుంది' అంటే చాలు. అబద్ధం కాదు, పైగా మాట అక్కడితో ఆగుతుంది. ఆ వెంటనే 'జర చెవుల కాడ చూసి చెయ్యి' అని పని మీదికి మళ్లించండి.

కొత్త బ్లేడు అడిగినట్టే

'నాకు మిషిన్ పడదు' అని షాపులో ఎలా చెప్పాలి, ఏమనుకుంటారో అనేది మీ అసలు సందేహం. ఒక్కసారి బ్లేడు సంగతి గుర్తు చేసుకోండి. ఒకప్పుడు అదే బ్లేడుతో ఎంతమందికి చేసినా ఎవరూ నోరెత్తేవాళ్లు కాదు. ఎయిడ్స్ ప్రచారం ఊరూరికీ వచ్చాక జనం 'కొత్త బ్లేడు వెయ్యన్నా' అనడం మొదలుపెట్టారు. మొదట అడిగినవాళ్లకు మొహమాటం, విన్నవాళ్లకు చిన్నతనం అనిపించి ఉంటుంది. ఇప్పుడు చాలా షాపుల్లో అడగకముందే మీ కళ్ల ముందే కాగితం విప్పి, బ్లేడును సగానికి విరిచి పెడతారు. షాపులో కూర్చున్న మనిషి తన ఒంటికి ఏం కావాలో అడగడం కొత్తేమీ కాదు, అవమానమూ కాదు.

కుర్చీ ఎక్కకముందే చెప్పండి, ఎక్కాక కాదు. 'అన్నా, నాకు మిషిన్ సప్పుడు పడదు, కత్తెరతోనే చెయ్యి. మెడకు గుడ్డ జర లూజుగ కట్టు. నీళ్లు కొట్టకు, నేను తల తడుపుకొనే అచ్చిన.' ఈ మూడు ముక్కలు చాలు. కారణం వివరించక్కర్లేదు. ఇంకోటి కూడా చేర్చొచ్చు: 'మెల్లగ కాదు, గట్టిగనే పట్టుకో తలను.' విచిత్రంగా ఉంటుంది గానీ, తేలిగ్గా తగిలీ తగలని చెయ్యి పడనివాళ్లలో చాలామందికి గట్టిగా ఆనించిన చెయ్యి హాయిగా ఉంటుంది. గ్రాండిన్ తన కోసం ఒళ్లంతా గట్టిగా ఒత్తి పట్టే యంత్రాన్నే తయారుచేసుకున్నారు.

కటింగ్ అయ్యాక అడగకుండానే నెత్తి మీద చరిచి, మెడ అటూ ఇటూ 'కటుక్కు'మనిపించే అలవాటు మన షాపుల్లో ఉంది. అది అందరూ వద్దనాల్సిందే. మెడలోంచి మెదడుకు వెళ్లే రక్తనాళాలు అలాంటి విసురుకు దెబ్బతినవచ్చు. 2022లో హైదరాబాద్‌లో ఒక మహిళకు పార్లర్‌లో తల కడిగేటప్పుడు మెడ వెనక్కి వంచడం వల్ల స్ట్రోక్ వచ్చిందని ఆమెను చూసిన న్యూరాలజిస్టు వెల్లడించారు. 'మసాజ్ వద్దన్నా' అనడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు.

ఎప్పుడు పోవాలి?

ఆదివారం మాత్రం వద్దు. ఆ రోజు షాపులో ఊరంతా ఉంటుంది. కత్తెర పనికి మిషిన్ కంటే ఎక్కువ సేపు పడుతుంది. అంత రద్దీలో అడిగితే పాపం ఆయనకూ విసుగే. బుధ, గురువారాల్లో పొద్దున షట్టర్ తీసే వేళకో, మధ్యాహ్నం భోజనాల వేళకో వెళ్లండి. బెంచీ ఖాళీగా ఉంటుంది, టీవీ సౌండ్ తగ్గించమంటే తగ్గిస్తారు. ఎక్కువ సేపు పట్టినందుకు పదో ఇరవయ్యో ఎక్కువివ్వండి.

ఇంటర్వ్యూకు నాలుగైదు రోజుల ముందే అవగొట్టుకోండి. ఏదైనా ఎగుడుదిగుడు ఉంటే సర్దుకుంటుంది, మెడ మీద మంట తగ్గుతుంది, ముఖ్యంగా ఆ యాతన గుర్తు ఇంటర్వ్యూ రోజుదాకా రాదు. ఇంట్లో ఉతికి ఉతికి మెత్తబడ్డ నూలు టువ్వాల ఒకటి పట్టుకుపోయి, షాపు గుడ్డ కింద మెడ చుట్టూ వేయించుకోండి. చెవుల్లో దూది పెట్టుకున్నా ఎవరూ ఏమీ అనరు. ఎలా కావాలో నోటితో వర్ణించే బదులు ఫోన్లో ఫొటో చూపించండి, సగం మాటలు తగ్గుతాయి. ముందు నుంచి, వెనక నుంచి మీ పాత ఫొటోలే అయితే ఇంకా మంచిది. ఇంటికి రాగానే నేరుగా స్నానం, ఆ చొక్కా ఉతుకుడు బకెట్లోకి.

అసలు షాపుకే పోలేకపోతే ఇంట్లో అన్నతోనో, దోస్తుతోనో కత్తెర పట్టించుకోవడం తప్పు కాదు. మొదటిసారి మాత్రం ఇంటర్వ్యూ వారంలో ప్రయోగం చేయకండి.

ఆడపిల్లలకు ఈ కథ ఇంకో రకం. జుట్టు కత్తిరించుకోమని ఎవరూ ఒత్తిడి చేయరు గానీ, బిగించి అల్లిన జడ, పిన్నులు, థ్రెడింగ్ దారం, పార్లర్‌లో 'పెళ్లి సంబంధాలు చూస్తున్నరా?' అన్న ప్రశ్న. పిన్నులతో ముడి వేయకపోతే ఇంటర్వ్యూలో మార్కులు పోతాయన్నది ఉత్తమాట. మొహం మీద పడకుండా వదులుగా కట్టిన జుట్టు సరిపోతుంది.

పొట్టిగా ఉండాలా, ఒకేలా ఉండాలా?

పోలీసు, సైన్యం శిక్షణకు జుట్టు పొట్టిగా తీయించుకోక తప్పదు. ఆ దిక్కు పోవాలనుకునేవాళ్లు ఇప్పటి నుంచే నెలకోసారి అలవాటు చేసుకోవడం మేలు, శిక్షణ కేంద్రంలో మీ షరతులు నడవవు. మిగతా చోట్ల మనం ఊహించుకునేంత కచ్చితత్వం లేదు. యూపీఎస్సీ సివిల్స్ నోటిఫికేషన్‌నే చూడండి. అప్‌లోడ్ చేసే ఫొటో తాజాగా తీసింది కావాలంటుంది. గడ్డంతో ఫొటో పెడితే ప్రిలిమ్స్, మెయిన్స్, ఇంటర్వ్యూ అన్నింటికీ గడ్డంతోనే రావాలంటుంది. మీసం, కళ్లద్దాల సంగతీ అంతే. అంటే వాళ్లు చూసేది ఫొటోలో మనిషీ ఎదుటి మనిషీ ఒకరేనా అని. అందుకే దరఖాస్తు ఫొటో దిగే ముందు మీరు ఏడాది పొడుగునా భరించగలిగే కటింగ్ ఏదో తేల్చుకోండి. ఫొటో కోసం ఒక్కరోజు పొట్టిగా చేయించుకొని, మళ్లీ ఆరు నెలలు షాపు మొహం చూడకపోతే పరీక్ష కేంద్రం గేటు దగ్గర అనవసరపు ప్రశ్నలు.

కటింగ్ ఒక్కటే కాదు, బస్సులో మనిషి తగిలినా, మిక్సీ తిరిగినా, చొక్కా లేబుల్ గుచ్చినా ఇదే తీరు అనిపిస్తే, లేదా నలుగురి ముందు కూర్చోవాలన్న భయంతో ఇంటర్వ్యూలే వదిలేస్తుంటే, ఒక్కరే కొట్టుమిట్టాడకండి. టెలి-మానస్ 14416కు ఫోన్ చేస్తే ఉచితంగా తెలుగులోనే మాట్లాడొచ్చు. ఆక్యుపేషనల్ థెరపిస్టులు చూసేది ఇలాంటి ఇబ్బందులనే. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో 1984 నుంచి ఉన్న జాతీయ సంస్థ ఎన్ఐఈపీఐడీలో బుద్ధిమాంద్యం, ఆటిజం వంటి సమస్యలకు పరీక్షలు, శిక్షణ ఉంటాయి. ఆటిజం అని తేలితే, 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో అదీ ఒకటి. సర్టిఫికెట్‌కు తగిన శాతం ఉంటే ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్ కోటా కిందికి వస్తారు. ఉద్యోగంలో చేరాక మీకు వీలైన ఏర్పాట్లు చేయమని అడిగే హక్కూ ఆ చట్టంలోనే ఉంది.

ఆ హక్కు ఉన్నా లేకపోయినా, ఆఫీసులో మొదటి నెలలోనే ఏదో ఒకటి అడగాల్సి వస్తుంది. ఏసీ గాలి నేరుగా మీద పడని సీటు, ఫోన్ కాకుండా మెయిల్, మధ్యలో ఐదు నిమిషాల విరామం. కటింగ్ షాపులో చెప్పే ఆ మూడు ముక్కలు అందుకు ముందస్తు రిహార్సల్.

ఈ వారం సంగతికొస్తే, ఇవాళ సోమవారం. శుక్రవారానికి నాలుగు రోజులే ఉన్నా, రేపు బందే కాబట్టి చేతిలో ఉన్నది బుధవారం పొద్దున. ఇవాళ సాయంత్రం షాపు ముందునుంచి పోయేటప్పుడు లోపలికి పోకుండానే ఒక మాట వేసి రండి: 'అన్నా, ఎల్లుండి పొద్దుగాల అస్త, కత్తెరతోనే చెయ్యాలె.' కొండగట్టు అంజన్న దీక్షలో ఉన్నవాళ్ల జుట్టూ గడ్డాలూ, గల్ఫ్‌కు పోయేవాళ్ల పాస్‌పోర్ట్ ఫొటో కటింగులూ అన్నీ చూసిన మనిషి ఆయన. సరే అనే అంటాడు.